ఇరవై తొమ్మిదో మీటరు

"సెలీనా! ఓ సెలీనా! టేపు కొస పట్టుకున్నావా, మబ్బుల్ని చూస్తున్నావా?"

నేను మబ్బుల్నే చూస్తున్నాను. దొరికిపోయాను. రోడ్డుకి ఆ చివర తెల్లకారు కిటికీలోంచి తల బయటపెట్టి లోహిత్ నవ్వుతున్నాడు. అంత దూరం నుంచి నవ్వు కనపడదనుకోండి. కానీ ఆయన నవ్వితే నాకు అటు తిరిగి ఉన్నా తెలిసిపోతుంది.

"పట్టుకున్నానండీ!" అని అరిచాను.

"అండీ వద్దన్నానా!"

"సరేనండీ!"

జూన్ నెల మొదటి ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెనకాల జనానికి ఇంకా తెరవని కొత్తరోడ్డు అది. రెండు పక్కలా నీలంరేకుల గోడలు. వాటి మీంచి అద్దాల టవర్లు తొంగిచూస్తున్నాయి. ఆదివారం కదా, లోపల ఒక్క మనిషి లేడు. మబ్బు పట్టి అద్దాలన్నీ నల్లగా, చెరువు నీళ్ళని నిలబెట్టినట్టు ఉన్నాయి. రోడ్డుకి ఒక కొసన గేటు. ఇంకో కొసన రోడ్డు లేదు, పునాదుల కోసం తవ్విన పెద్ద గొయ్యి ఉంది. లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆ గేటు ఒక్కటే దారి.

మా పనేంటో చెప్పాలి. లోహిత్ ఆఫీసు సెలవురోజుల్లో కార్ల మీద వీడియోలు తీసి నెట్‌లో పెడతాడు. నేను అంతకుముందు మూసాపేటలో కారు సీటు కవర్ల షాపులో కూర్చునేదాన్ని. ఇంటర్ ఒక సంవత్సరం చదివి ఆపేశాను. కవర్లు కొనడానికొచ్చిన లోహిత్, "నీ గొంతు బాగుంది, చెయ్యి కూడా వణకదు, నా దగ్గర పనిచేస్తావా" అన్నాడు. ఆ రోజు లింగంపల్లి దాకా రైల్లో నిలబడే వెళ్ళాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవాలని అనిపించలేదు.

మార్చిలో ఒక టైరు మీద వీడియో చేశాం. మధ్యరకం టైరు. మరీ ఖరీదైందీ కాదు, చవకదీ కాదు. ఎండలకి తట్టుకుని, దూరాలు వెళ్ళినా చప్పుడు లేకుండా మెత్తగా పోవాలని చేసిన రకం. చప్పుడు, మెత్తదనం, మలుపులో పట్టు, పొడిరోడ్డు మీద బ్రేకు... అన్నిట్లో బాగానే వచ్చింది. చివరిది తడిరోడ్డు. ఎనభై స్పీడులో వచ్చి ఎర్ర కోను దగ్గర బ్రేకు తొక్కితే, ఎన్ని మీటర్లలో ఆగుతుందో చూడాలి.

"ముప్పై లోపు రావాలి సెలీ. ముప్పై దాటితే ఎవడూ చూడడు," అన్నాడు లోహిత్ కారెక్కే ముందు. ఆయన కళ్ళకింద నల్లటి చారలు. మూడు రాత్రులు నిద్రలేదు పాపం.

కారు ఆగింది. నేను వంగి టేపు చూశాను. ముప్పై రెండు.

లేచి, "ఇరవై తొమ్మిది!" అని అరిచాను.

ఎందుకు అరిచానో అడక్కండి. ఆయన పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ నా భుజాల మీద వేసి ఊపేశాడు. ఆ చేతుల బరువు నెలరోజులు నా భుజాల మీదే మోశాను.

వీడియో మూడు లక్షలమంది చూశారు.

ఏప్రిల్‌లో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వీడియో కింద ఇచ్చిన నంబరు నా దగ్గరే ఉంటుంది. "నమస్కారమమ్మా. నా పేరు యజ్ఞనారాయణ అండి. ప్రగతి నగర్‌లో ఉంటాం. సర్వేశాఖలో ముప్పైనాలుగేళ్ళు చేశాను. మీ వీడియో చూసే ఆ టైర్లు వేయించానండి. ఇరవై తొమ్మిది అని చెప్పింది మీరేనా తల్లీ?"

నేనే అన్నాను.

"మొన్న అకాలవర్షం పడింది చూడండి... ముందు లారీ ఆగి ఉంది, లైట్లు లేవు. దూరం నా కంటికి తెలుస్తుందమ్మా, అదే కదా నా ఉద్యోగం. సరిపోతుంది అనుకున్నాను. మూడు మీటర్లు తేడా వచ్చింది. కారు ఎడమపక్క లారీ కిందికి పోయింది. మా ఆవిడ ఉమాశ్రీ అటే కూర్చుందండి. తలనొప్పిగా ఉందని నుదుటికి బామ్ రాసుకుని, కళ్ళు మూసుకుని పడుకుంది..."

ఆయన ఏడవలేదు. దానికే నాకు భయం వేసింది.

"మర్నాడు వెళ్ళి నేనే టేపు పెట్టి కొలిచాను. ముప్పై రెండు. మీరు కొలిచింది ఎంతమ్మా? నిజంగా ఎంత?"

నేనేం చెప్పానో తెలుసా? "మీరే స్పీడు ఎక్కువ పోయుంటారు అంకుల్" అన్నాను. ఫోన్ పెట్టేసి ఆ నంబరు రాకుండా ఆపేశాను.

మా చర్చిలో ప్రతి ఆదివారం పాటల తర్వాత పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. అప్పటినుంచి ఆ మాట వినబడితే నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయేవి. అందుకని చర్చికి పోవడమే మానేశాను. ఆదివారం షూటింగ్ ఉందని మా అమ్మ లీదియాకి చెప్పేదాన్ని. లోహిత్‌కి చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! ఆయన "ఏంటి సెలీ?" అంటూ నా వైపు చూసేవాడు. అంతే. చెప్తే ఇంకెప్పుడూ అలా చూడడు కదా.

ఇప్పుడు అదే టైరు మీద రెండో వీడియో. పదివేల కిలోమీటర్లు తిరిగాక కూడా ఇరవై తొమ్మిదిలో ఆగుతుందా? ఆగదని నాకొక్కదానికే తెలుసు. అది కూడా కాదు అసలు భయం. కారుని రెండోసారి పరుగు పెట్టించేటప్పుడు, ముప్పయ్యో మీటరు దగ్గర ఒక మనిషిని నిలబెడతానన్నాడు లోహిత్. కారు ఆ మనిషికి మీటరు దూరంలో వచ్చి ఆగాలి.

ఆ మనిషిని నేనే.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. ఆ గొంతుతో అడిగితే ఏమంటాం?

రోడ్డు తడపడానికి నీళ్ళట్యాంకరు తెచ్చాం. డ్రైవరు భాస్కరన్న రెండుసార్లు అటూ ఇటూ తిప్పి రోడ్డంతా తడిపాడు. మూడోసారి పోబోతూ ట్యాంకరు నా పక్కన ఆపి, పాన్ నముల్తూ కిందికి చూశాడు.

"ఏం జెల్లే, మీ సారుకు ఆఫీసుల పని లేదా? టైర్లకు తానం పోపిస్తుండు!"

"అది పరీక్ష అన్నా."

"మా జమానల టైరు దారం తేలేదాంక నడిపిచ్చెటోళ్ళం. గదే పరీక్ష." నవ్వి, వెంటనే మొహం చిట్లించాడు. "సరెగని, ఆ అమ్మకు జెర జెప్పు, పక్కకు జరగమని. నీళ్ళు మీద వడ్తున్నా కదుల్తలేదు. తడుపుకుంట ఎట్ల వోవాలె?"

"ఏ అమ్మ?"

"గా అమ్మ." రోడ్డు మధ్యకి చెయ్యి చూపించాడు. "నీలం చీర. మీ సారు వాళ్ళ అమ్మనా?"

రోడ్డు మధ్యలో ఎవరూ లేరు. నల్లగా తడిరోడ్డు. దాంట్లో తలకిందులుగా టవర్లు. అంతే.

"అక్కడెవరూ లేరన్నా."

భాస్కరన్న నన్నోసారి, రోడ్డునోసారి చూశాడు. పాన్ ఉమ్మేశాడు. ట్యాంకరుని గేటు పక్కకి తీసుకుపోయి నిలబెట్టుకున్నాడు.

మొదటి పరుగు. ఈసారికి మధ్యలో ఎవరూ నిలబడక్కర్లేదు. కారు గోతివైపు నుంచి వచ్చింది. ముందు టైర్ల చప్పుడు, తడిరోడ్డు మీద పొడుగ్గా పట్టుచీర చింపుతున్నట్టు. కోను దాటింది. ఆగింది.

చాలా మెల్లిగా ఆగింది. ముక్కు కిందికి వంగలేదు. టైరు కీచుమనలేదు. ఎవరో ఒళ్ళోకి తీసుకున్నట్టు ఆగింది.

నేను పరిగెత్తి టేపు పెట్టాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

ఇరవై తొమ్మిది.

సరిగ్గా. ఒక్క వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"ఎంత?" అని అరిచాడు లోహిత్.

"ఇరవై తొమ్మిది!" ఈసారి నిజమే అరిచాను. అబ్బ, నా అబద్ధం నిజమైపోయింది! దేవుడు నన్ను క్షమించాడు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

టేపు చుట్టబోతూ వంగాను కదా... అప్పుడు కనిపించింది. కారు ముందు, జానెడు దూరంలో. రోడ్డంతా తడి. అక్కడ మాత్రం రెండు చోట్ల పొడిగా ఉంది.

రెండు పాదాలు. చిన్నవి. వేళ్ళు కారు వైపు తిరిగి ఉన్నాయి.

చేత్తో నీళ్ళు తీసి వాటి మీద చల్లాను. నీళ్ళు పక్కకి జారిపోయాయి. మైనం మీద పోసినట్టు. పాదాలు పొడిగానే ఉన్నాయి.

"ఏం టైరు సెలీ ఇది! నేను పూర్తిగా తొక్కనే లేదు, పట్టేసింది," అన్నాడు లోహిత్ తల బయటపెట్టి. మొహం వెలిగిపోతోంది. "ఇక నువ్వు నిలబడు. వర్షం వచ్చేలోపు కానిచ్చేద్దాం."

"లోహిత్... ఇవాళ వద్దు."

"ఎందుకు?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "నాకు... తలనొప్పిగా ఉంది."

నా నోట్లోంచి ఆ మాటే ఎందుకొచ్చిందో నాకు తెలియదు. నాకు ఏ తలనొప్పీ లేదు.

"ఒక్క నిమిషం బంగారం," అన్నాడు.

బంగారం అన్నాడు. వెళ్ళి నిలబడ్డాను.

ముప్పయ్యో మీటరు. నాకు మీటరు ముందు ఆ రెండు పొడి పాదాలు. దూరంగా కారు లైట్లు వెలిగాయి. మబ్బు ఇంకా కిందికి దిగింది. ఎక్కడో ఉరిమింది. రేకులన్నీ ఒకేసారి దడదడమన్నాయి.

కారు బయలుదేరింది. లైట్లు పెద్దవవుతున్నాయి. పక్కకి దూకుదామని అనుకున్నాను. కాళ్ళు రాలేదు. ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై రెండు... బుర్రలో అదొక్కటే. ముప్పై రెండు అంటే నన్ను దాటి రెండు మీటర్లు.

కోను దాటింది.

అప్పుడు వాసన వచ్చింది. ముందు కాలిన రబ్బరు. దాని వెనకాలే ఘాటుగా, చల్లగా... బామ్ వాసన. నా మొహానికి తడిసిన గుడ్డ ఏదో తగిలింది. గాలికి ఎగిరే చెంగులాగా. చెవి పక్కనే ఎవరో అడిగారు, మెల్లిగా, నిద్రలో మాట్లాడినట్టు...

"ఎంతమ్మా?"

కారు ఆగింది. నా మోకాళ్ళకి మీటరు దూరంలో. లైట్ల వెలుగు నా చీపురుపుల్లల్లాంటి కాళ్ళ మీద పడాలి కదా. పడలేదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. నా మీద నీడ ఉంది. నా నీడ కాదు.

చినుకులు మొదలయ్యాయి. ఆ వెంటనే కుండపోత. గేటు దగ్గర ట్యాంకరు స్టార్టయిన చప్పుడు. భాస్కరన్న కిటికీలోంచి అరుస్తున్నాడు.

"నేను వోతున్న సార్! పైసలు వద్దు, ఏమొద్దు! ఆ అమ్మ బండి ముందల రెండు చేతులు వెట్టి ఆపుతుంది! మీకు కండ్లు లేవా?"

ట్యాంకరు వెళ్ళిపోయింది. గాలికి గేటు దానంతటదే మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది.

"తాగొచ్చాడేమో," అన్నాడు లోహిత్. నవ్వలేదు. "ఎక్కు, పోదాం."

నేను ఎడమపక్క సీట్లో కూర్చున్నాను. కెమెరా సంచీ నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. ఎదురుగా గేటు తెరిచే ఉంది. అరవై, డెబ్భై మీటర్లు అంతే. ఆయన గేరు వేశాడు.

కారు కదల్లేదు.

ఇంజను అరిచింది. చక్రాలు తిరుగుతున్నాయి. కింద టైర్లు తడిరోడ్డు మీద రాసుకుని సన్నగా ఏడుస్తున్నాయి. పొగ లేచి అద్దాల మీదికి వచ్చింది. కారు మాత్రం అరంగుళం ముందుకి పోలేదు.

"జారుతోంది... బురద ఉందేమో," అన్నాడు. అక్కడ బురద లేదు. కొత్తరోడ్డు. వెనక్కి పోనిచ్చాడు. వెనక్కి బాగానే పోయింది. కోను దాకా వెళ్ళి, మళ్ళీ ముందుకి, ఈసారి మెల్లిగా, నడిచేంత స్పీడులో. బ్రేకు మీద కాలు పెట్టలేదు. నేను చూస్తూనే ఉన్నాను ఆయన కాలుని.

ఆగింది. అక్కడే.

మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. అక్కడే.

నాలుగోసారి గట్టిగా తొక్కి వచ్చాడు. నేను కళ్ళు మూసుకున్నాను. కుదుపు లేదు. చప్పుడు లేదు. ఒళ్ళోకి తీసుకున్నట్టు... అక్కడే.

"దిగి నడుచుకుంటూ పోదాం," అన్నాను. నా తలుపు లాగాను. రాలేదు. ఆయన లాక్ తీశాడు. టక్ మని తెరుచుకుంది. టక్ మని మళ్ళీ పడింది. తీశాడు. పడింది. తీశాడు. పడింది. ఇక తీయడం మానేశాడు.

అద్దాలన్నీ లోపలి నుంచి ఆవిరి పట్టేశాయి. వైపర్లు తిరుగుతున్నాయి కానీ బయట ఏమీ కనపడటం లేదు. ముందు అద్దానికి ఎడమవైపు... నా ముందు... ఆవిరి మెల్లిగా చెరుగుతోంది. ఎవరో బయట నుంచి నుదురు ఆనించినట్టు, గుండ్రంగా. ఆ గుండ్రంలోంచి లోపలికి బామ్ వాసన వస్తోంది. అద్దంలోంచి వాసన వస్తుందా? వచ్చింది.

"సెలీ," అన్నాడు లోహిత్ గుసగుసగా. "ఎవరది?"

"ఉమాశ్రీ గారు," అన్నాను.

"ఎవరు?"

ఇంక నాకు ఆ కారులో గాలి చాలలేదు. ఆయన మొహం చూడకుండా, నా చేతుల్ని చూసుకుంటూ చెప్పేశాను. అంతా చెప్పాను. టేపు మీద ఉన్నది ముప్పై రెండని. నేను ఇరవై తొమ్మిదని అరిచానని. యజ్ఞనారాయణ గారి ఫోను. లారీ. నేను అన్న పాడుమాట. "నీకు ముప్పై లోపు రావాలని ఉంది కదా... నువ్వు నవ్వాలని అలా చెప్పాను లోహిత్. నన్ను ఏమన్నా అను. నీ తప్పేం లేదు. నీకు తెలీదు కదా పాపం. అమ్మా, ఆయనకి తెలీదమ్మా, ఆయన్ని వదిలెయ్యండి."

చెప్పాక ఏడుపొచ్చింది. ఏడుపులోనే ఎంత తేలికయ్యానో. ఇప్పుడు కారు కదులుతుందనుకున్నాను.

ఆయన గేరు వేశాడు.

కదల్లేదు.

అద్దం మీద గుండ్రం మాత్రం కదిలింది. నా ముందు నుంచి జరిగింది. మెల్లిగా... కుడివైపుకి... స్టీరింగు ముందుకి. అక్కడ ఆగింది. ఆయన మొహానికి సరిగ్గా ఎదురుగా.

లోహిత్ సీటుకి అంటుకుపోయాడు. ఆయన పెదాలు తెల్లగా అయిపోయాయి.

గుండ్రం మాయమైంది. ఆవిరి మళ్ళీ పరుచుకుంది. వర్షం చప్పుడు ఒక్కటే. పోయింది అనుకున్నాను. మేమిద్దరం ఊపిరి వదిలాం.

కీ... కీ... కీ...

స్టీరింగు వెనకాల ఎర్రలైటు వెలిగింది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని చెప్పే లైటు. చిన్న ఎర్ర మనిషి బొమ్మ. ఎడమపక్క సీటు.

వెనక సీట్లో మేము ఏమీ పెట్టలేదు. సంచీ నా కాళ్ళ దగ్గరే ఉంది. నేను తిరిగి చూడలేదు. మెడ తిరగలేదు.

కీ... కీ... కీ...

నా సీటు వెనకాల బట్ట సర్దుకున్న చప్పుడు. తర్వాత బెల్టు లాగిన చప్పుడు, నిదానంగా, పెద్దవాళ్ళు లాగినట్టు. తర్వాత... టక్.

కీకీ ఆగిపోయింది. ఎర్రబొమ్మ ఆరిపోయింది.

కారు ఒక్కసారి చిన్నగా ముందుకి జరిగింది. ఆవిడ దారి ఇచ్చింది. గేటు దాకా రోడ్డు ఖాళీగా ఉంది. కానీ లోహిత్ కాలు కదపటం లేదు. లోపలి అద్దంలోకి చూస్తున్నాడు. అందులో ఏం కనపడుతోందో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవటం లేదు. ఎవరో వెనక నుంచి ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చున్నట్టు, రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఊపలేకపోయాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

నాతో అన్నాడనుకున్నాను. "ఏంటి?"

"ముప్పై రెండు అని నాకు తెలుసు. వీడియో ఎక్కించే ముందే చూశాను, టేపు కనపడింది. నేనే ఆ ముక్క తీసేశాను." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. అద్దంలోంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"ఇందాక నిన్ను అక్కడ నిలబెట్టినప్పుడు కూడా నాకు తెలుసు సెలీనా."